అనిమే చూసేశాక దాని మాంగా చదవడం అవసరమా?

సందేహజీవి:

మాంగా, అంటే జపాన్ కామిక్ ముందొచ్చి, దాన్ని అనిమేగా, అంటే యానిమేషన్‌గా తీశారంటే అర్థముంది. కాగితం మీది బొమ్మకు కదలిక, గొంతు, సంగీతం అదనంగా వచ్చి చేరతాయి. నాకు మింగుడుపడనిది దీనికి తలకిందులుగా జరిగేది. కథ పుట్టడమే అనిమేగా పుట్టింది, తర్వాత ఎవరో దాన్ని కామిక్‌గా గీశారు. అందులో కొత్తగా చేరేదేమిటి? తీసేసేవే కదా అన్నీ?

నా అభ్యంతరాలు మూడు. ఒకటి, పోరాట ఘట్టాల్లో బలమంతా కదలికలోనూ శబ్దంలోనూ ఉంటుంది, పేజీ మీద ఆ రెండూ ఉండవు. రెండు, ఇలాంటి పుస్తకాల్లో చాలావరకు సీరీస్ ప్రసారమయ్యే రోజుల్లోనే ప్రచారం కోసం హడావుడిగా గీసినట్టు కనిపిస్తాయి. మూడు, కథ ముందే తెలిసినప్పుడు పేజీ తిప్పాలన్న ఆత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

కొట్టిపారేద్దామని అడగట్లేదు. ఈ కోవలో నిజంగా నిలబడే పుస్తకం ఒకటుంటే దాని పేరు చెప్పండి. ఎందుకు నిలబడుతుందో, ఎలా చదివితే అది తెలుస్తుందో కూడా చెప్పండి.

బొమ్మలపెట్టె:

మీ రెండో అభ్యంతరంతో మొదలుపెడతాను. అనిమే నుంచి వచ్చే కామిక్‌లన్నీ ఒక జాతివి కావు. వాటిని విడదీయకుండా మంచిచెడులు తేల్చలేం.

మొదటి రకం ఫిల్మ్ కామిక్. ఇందులో కొత్తగా గీసేదేమీ ఉండదు. అనిమేలోని ఫ్రేములనే ఏరి, ప్యానెళ్లుగా (పేజీ మీది గళ్లుగా) పేర్చి, మాటల బుడగలు అతికిస్తారు. 24 నిమిషాల ఎపిసోడ్‌లో సెకనుకు 24 చొప్పున 34,560 ఫ్రేములుంటాయి, వాటిలోంచి కొన్ని వందలు తీసుకుంటారు. ఇక్కడే తేడా కొడుతుంది. వేగంగా కదిలే చోట ఏ ఒక్క ఫ్రేమునూ ఆపి చూడటానికి గీయరు. చేయి సాగిపోయి ఉంటుంది, ముఖం చెదిరి ఉంటుంది, కదులుతున్నప్పుడే అది సరిగ్గా కనిపిస్తుంది. పైగా తెర నిష్పత్తి ఒకటే కాబట్టి ప్యానెళ్లన్నీ ఒకే ఆకారంలో వస్తాయి. వాటిని అడ్డంగా కోసి వైవిధ్యం తెద్దామంటే దర్శకుడు కూర్చిన దృశ్యం పాడవుతుంది. రాత్రి సీన్లలో తెర మీద వెలిగే నీలాలు, ఊదాలు అచ్చులో మసకబారతాయి.

రెండో రకం, మీరన్న ప్రచార మాంగా. మరో చిత్రకారుడికి అప్పగించి రెండు మూడు సంపుటాల్లో ముగిస్తారు. ఇందులో అన్నీ తీసిపారేసేవి కావు, కానీ ఇరుకు మాత్రం తప్పదు. 2011లో వచ్చిన మడోకా మాజికా అనిమే 12 ఎపిసోడ్లు, హనోకగె గీసిన మాంగా 3 సంపుటాలు. కథ మొత్తం ఉంది. కానీ ఆ సీరీస్‌లో మంత్రగత్తెల మాయాలోకాలను గెకిదాన్ ఇను కర్రీ బృందం కాగితపు ముక్కలు, అల్లికలు, పాత చిత్రాలు కలిపి కోలాజ్‌లా తయారుచేసింది. మిగతా బొమ్మలతో అది పొసగకపోవడమే అక్కడి భయానికి మూలం. మాంగాలో అంతా ఒకే చేతి గీత, ఒకే నలుపు తెలుపు. ఆ పొసగకపోవడం పోయింది, దాంతోపాటు భయమూ తగ్గింది.

మూడో రకం అసలు అనిమే చేసినవాళ్లలోనే ఒకరు కూర్చుని, పేజీ కోసం కథను మళ్లీ కట్టడం. మీరు వెతుకుతున్నది ఇదే.

ఇక మొదటి అభ్యంతరానికి ఒక మాట. టీవీ అనిమేలో మీరు అనుకుంటున్నంత కదలిక లేదు. సాధారణంగా ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు, అంటే సెకనుకు 8 బొమ్మలు. మాటల సీన్లలోనైతే ముఖం కదలదు, మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు అనే మూడు బొమ్మలు మారుతుంటాయి. కాబట్టి ఎపిసోడ్‌లో పెద్ద భాగం ఇప్పటికే నిలిచిన బొమ్మే, దాన్ని మోసేది గొంతు. మాంగాలోకి వచ్చినప్పుడు నిజంగా పోయేది ఆ గొంతు. బుడగ ఆకారం, దాని పరిమాణం, రెండు బుడగల మధ్య వదిలిన ఖాళీ, మాట లేని ప్యానెల్, వీటితో చిత్రకారుడు ఆ లోటు పూడ్చగలిగాడా అన్నది చూడండి. నేనైతే ఏ పుస్తకం మంచిచెడునైనా ఇక్కడే పట్టుకుంటాను.

కుంచెగీత:

మూడో రకంలో నా ఓటు గండమ్: ది ఆరిజిన్‌కి. మరో ఆలోచన లేకుండా దాన్నే పట్టుకోండి.

మొదటి మొబైల్ సూట్ గండమ్, అంటే మనిషి లోపల కూర్చుని నడిపే భారీ రోబోల యుద్ధ కథ, టీవీలో 1979 ఏప్రిల్ 7న మొదలైంది. 52 ఎపిసోడ్లు అనుకున్నారు, ప్రేక్షకాదరణ సరిగా లేక 43కి కుదించారు, 1980 జనవరి 26తో ముగిసింది. దర్శకుడు తోమినో యోషియుకి. పాత్రల రూపకల్పన, యానిమేషన్ దర్శకత్వం యసుహికో యోషికాజు. సీరీస్ చివరి దశలో యసుహికో ఆసుపత్రి పాలయ్యారు, అందుకే ఆఖరి ఎపిసోడ్ల బొమ్మల్లో ఆయన చేయి కనిపించదు. సరిగ్గా కథ బరువెక్కే చోట బొమ్మ బలహీనపడింది.

ఆ యసుహికోనే 2001 నుంచి 2011 వరకు గండమ్ ఏస్ పత్రికలో ఇదే కథను మొదటి నుంచి గీశారు. జపాన్‌లో 23 సంపుటాలుగా వచ్చింది. ఎపిసోడ్ల కోత లేదు, వారం వారం గడువు లేదు, ఆటబొమ్మల కంపెనీ ఒత్తిడి లేదు. టీవీలో ఆటబొమ్మల అమ్మకం కోసం చేర్చిన జీ-ఫైటర్ లాంటి యంత్రాలను 1981, 82లో వచ్చిన సినిమాల్లోనే తీసి కోర్ బూస్టర్ పెట్టారు. కథను సవరించుకోవడం అక్కడే మొదలైందని చెప్పాలి. ఆరిజిన్‌లో ఆ పని చివరిదాకా జరిగింది.

కట్టుబడిలో ఏం మారిందో రెండు ఉదాహరణలు. టీవీలో ఒడెస్సా యుద్ధం ముందు, సైనిక ప్రధాన స్థావరం జబురో ఘట్టం తర్వాత. ఆరిజిన్‌లో జబురో ముందుకొచ్చింది. దానివల్ల వైట్ బేస్ నౌకలోని పిల్లలు సైన్యంలో భాగం కావడం కథలో తొందరగా తేలిపోతుంది, ఒడెస్సాకి వాళ్లు సైనికులుగానే వెళతారు. రెండోది ఇంకా పెద్ద మార్పు. శత్రుపక్షపు పైలట్ షార్, అతని చెల్లెలు సేలా ఎవరి పిల్లలు, వాళ్లకు ఏం జరిగింది అన్నది టీవీలో ముక్కలు ముక్కలుగా మాటల్లో వస్తుంది. ఇక్కడ జబురో ముగియగానే కథ పదేళ్లకు పైగా వెనక్కి వెళ్లి, వాళ్ల తండ్రి జియోన్ జుమ్ దైకున్ మరణం నుంచి లూమ్ యుద్ధం దాకా అంతా చూపిస్తుంది. మీ మూడో అభ్యంతరానికి జవాబు ఇదే. ఏం జరుగుతుందో తెలిసినా, ఎందుకు జరిగిందో మీరు చూడలేదు.

ఇక గీత సంగతి. యసుహికో గీసేది కుంచెతో. నిబ్బు గీతలో మందం కొంతవరకే మారుతుంది. కుంచె అయితే ఒకే ఒరవడిలో వెంట్రుకంత సన్నం నుంచి వేలెడు నలుపు దాకా పోతుంది. అనిమేలో ఇది కుదిరే పని కాదు. ఎందుకంటే అక్కడ పదుల మంది ఒకే పాత్రను గీయాలి, గీత సమానంగా ఉంటేనే బొమ్మ నుంచి బొమ్మకు అదరకుండా కదులుతుంది. 1979లో ఆయన పాత్రలకు ఇవ్వలేని గీతను ఇక్కడ ఇచ్చారు. నీటిరంగుల పేజీలు కూడా చాలా ఉన్నాయి. వాటి కోసమే ఈ పుస్తకం కాగితం మీద చదవాలంటాను.

ముద్రణ విషయం: ఇంగ్లీషులో వెర్టికల్ సంస్థ 2013 నుంచి 2015 మధ్య 12 గట్టి అట్ట సంపుటాలుగా పూర్తిచేసింది. రంగు పేజీలు రంగులోనే ఉన్నాయి. అంతకుముందు వచ్చిన ఇంకో ఇంగ్లీషు ముద్రణ మధ్యలో ఆగిపోయింది. పాత పుస్తకాలు కొనేటప్పుడు ఆ రెండూ కలిపేయకండి, సంపుటాల విభజన వేరు.

పాతరీలు:

ఫిల్మ్ కామిక్‌ని బొమ్మలపెట్టె గారు మరీ తీసిపారేశారు. కథ చదవడానికి అది బలహీనమైన రూపమే, ఒప్పుకుంటాను. కానీ యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు దాని విలువ వేరు. కెమెరా పక్కకు జరిగే షాట్‌లో వెనకనున్న నేపథ్య చిత్రం నిజానికి తెరకన్నా ఎంతో పొడుగ్గా గీసి ఉంటుంది. ఫిల్మ్ కామిక్ చేసేవాళ్లు శ్రద్ధగలవాళ్లయితే ఆ ఫ్రేములను అతికి మొత్తం చిత్రాన్ని పేజీ వెడల్పునా పరుస్తారు. తెర మీద అది ఒక్కసారిగా ఎప్పుడూ కనిపించదు. స్పిరిటెడ్ అవే ఫిల్మ్ కామిక్ ఇంగ్లీషులో 5 సంపుటాలు. నేపథ్యాల కోసం చూసేవాళ్లకు అది మంచి నిధి.

మరో రకాన్ని కూడా మీరు వదిలేశారు. జపాన్ బయట గీసినవి. 1985లో అమెరికాలో మాక్రాస్, సదర్న్ క్రాస్, మోస్పీడా అనే మూడు వేర్వేరు సీరీస్‌లను కలిపి రోబోటెక్ పేరుతో 85 ఎపిసోడ్లు చేశారు. కోమికో సంస్థ వాటిని రంగుల కామిక్‌లుగా వేసింది, 36, 23, 25 సంచికలు. అంటే దాదాపు ఎపిసోడ్‌కి ఒక సంచిక. అదే దాని బలహీనత కూడా. ఎపిసోడ్ మొత్తాన్ని రెండు డజన్ల పేజీల్లో పట్టించాలంటే, నిమిషం పాటు సాగే నిశ్శబ్దానికి అక్కడ చోటుండదు. వివరణ పెట్టెలు పెరుగుతాయి, పోరాటం రెండు పేజీల్లో అయిపోతుంది. అదే ఘట్టం జపాన్ మాంగాలో ఇరవై పేజీలు తీసుకోవచ్చు.

పేజీల సంఖ్య దగ్గరే సగం తీర్పు తేలిపోతుంది. ఒక ఎపిసోడ్‌కి కనీసం అరవై డెబ్బై పేజీలైనా ఇవ్వని మాంగాలో మాటలు తప్ప మరేమీ మిగలవు.

సందేహజీవి:

ఆరిజిన్ మొదటి సంపుటి చదివాను, మొదటి ఎపిసోడ్ మళ్లీ చూసి పక్కపక్కన పెట్టి పోల్చాను. పూర్తిగా ఒప్పేసుకున్నానని అనను. కానీ మొదటి అభ్యంతరం చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను.

కథానాయకుడు అమురో తొలిసారి గండమ్‌ని నడిపే ఘట్టమే తీసుకోండి. తెర మీద నా చూపు యంత్రం మీదే ఉంటుంది, సంగీతం నన్ను గెలుపు వైపు తోస్తుంది. పేజీ మీద ఆ తోపు లేదు. అందువల్ల అది యుద్ధం అంటే ఏమిటో తెలియని ఒక కుర్రాడి చేతిలో ఉందన్న సంగతి ప్రతి ప్యానెల్‌లోనూ గుర్తొస్తూ ఉంది. యంత్రాలకు బరువు ఉంది. కాలు మోపిన చోట నేల ఎలా నలిగిందో కుంచె నలుపుతో తెలుస్తోంది. జనం ముఖాల్లో భయం ఎవరిది వాళ్లదే, అందరికీ ఒకే నోరు తెరిచిన బొమ్మ అతికించలేదు. గొంతు లేని లోటు నేను అనుకున్నంత తెలియలేదు. బొమ్మలపెట్టె గారు చెప్పినట్టు బుడగల మధ్య ఖాళీలు గమనిస్తే, ఎవరు తడబడుతున్నారో ఎవరు ఆజ్ఞాపిస్తున్నారో తేలిగ్గానే తెలిసింది.

రెండు ఇబ్బందులు మిగిలాయి. అంతరిక్ష పోరాటాల్లో ఎవరు ఎటు పోతున్నారో కొన్ని చోట్ల అంతుపట్టలేదు. ఇంకోటి, వేరే మాంగా ఒకటి టాబ్లెట్‌లో తెరిస్తే బూడిదరంగు భాగాల మీద అలలు అలలుగా చారలు కనిపిస్తున్నాయి. ఫైల్ పాడైందా?

బొమ్మలపెట్టె:

ఫైల్ పాడవలేదు. దాన్ని మ్వారే అంటారు. మాంగాలో బూడిదరంగు ఉండదు, ఉండేది స్క్రీన్‌టోన్, అంటే వరుసగా పేర్చిన నల్ల చుక్కలు. మీ తెరకూ పిక్సెళ్ల వరుసలున్నాయి. బొమ్మను తెరకు సరిపడేలా కుదించినప్పుడు ఈ రెండు వరుసలూ ఒకదానికొకటి సరిపడక చారలు పుడతాయి.

అసలు మూలచిత్రమే పెద్దది. బీ4 కాగితం మీద లోపలి చట్రం 270 × 180 మి.మీ., అంచుదాకా గీసే బొమ్మ కత్తిరింపు గీత 310 × 220 మి.మీ. బీ5 పత్రికలో అది సుమారు 83 శాతానికి, బీ6 పుస్తకంలో సుమారు 60 శాతానికి తగ్గుతుంది. అనుభవమున్న చిత్రకారులు ఈ తగ్గుదల లెక్కలో పెట్టుకునే చుక్కల సాంద్రత ఎంచుకుంటారు. మీ టాబ్లెట్ దాన్ని ఇంకో కొలతకు తగ్గిస్తే ఆ లెక్క తప్పుతుంది.

చేయాల్సింది ఇది. చదివే యాప్‌లో షార్పెన్ లాంటి సెట్టింగ్ ఉంటే ఆపేయండి. చారలున్న పేజీని అసలు పరిమాణానికి, అంటే 100 శాతానికి పెంచి చూడండి. అక్కడ చారలు పోతే లోపం కుదింపులోనిదే. కుదింపు పద్ధతి ఎంచుకునే వీలుంటే నాణ్యమైనది పెట్టండి, వేగవంతమైనది వద్దు. పెంచినా పోకపోతే స్కాన్ చేసినప్పుడే చారలు బొమ్మలోకి వచ్చేశాయని అర్థం, దానికి మీ దగ్గర మందు లేదు, ఇంకో ముద్రణ చూసుకోవాలి.

టాబ్లెట్‌లో మరో చిక్కు జంట పేజీలది. ఒక్కో పేజీ చొప్పున చూస్తే రెండు పేజీల మీద పరిచిన బొమ్మ నడుం మధ్యలో తెగిపోతుంది. తెరను అడ్డంగా తిప్పి రెండు పేజీల వీక్షణ పెట్టండి, దిశ కుడి నుంచి ఎడమకు ఉందో లేదో చూడండి, అట్టను విడి పేజీగా ఉంచే సెట్టింగ్ వెయ్యండి. ఈ చివరిది మరిచిపోతే జతలన్నీ ఒక పేజీ పక్కకు జరిగిపోతాయి, పుస్తకమంతా తప్పు జోడీలే కనిపిస్తాయి.

కుంచెగీత:

అంతరిక్ష పోరాటాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ చాలామంది పుస్తకాన్ని పక్కన పెట్టేస్తారు.

కుడి నుంచి ఎడమకు చదివే పేజీలో ముందుకు సాగే కదలిక ఎడమ వైపుకి ఉంటుంది. దాడి చేసేవాడు సాధారణంగా కుడి నుంచి ఎడమకు దూసుకొస్తాడు, ఎదురు నిలిచేవాడు ఎడమ నుంచి కుడికి చూస్తుంటాడు. మన కళ్లకు ఎడమ నుంచి కుడికి అలవాటు కాబట్టి మొదట్లో దాడి వెనకడుగులా, వెనకడుగు దాడిలా అనిపిస్తుంది. పేజీలోకి దిగగానే ముందు వివరాలు చూడకండి. కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు ఒకసారి చూపు పోనివ్వండి. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో పట్టుకుని, అప్పుడు ప్యానెల్ ప్యానెల్‌గా చదవండి. అంతరిక్షంలో నేల ఉండదు కాబట్టి ఈ దిశ ఒక్కటే ఆధారం.

పేజీ తిప్పే చోటు కూడా గమనించాలి. ఈ పుస్తకాల్లో ముందు కుడి పేజీ, తర్వాత ఎడమ పేజీ, ఆపైన తిప్పడం. కాబట్టి ఎడమ పేజీ కింది మూలనున్న ప్యానెల్ ప్రశ్న వేస్తుంది, తిప్పగానే కుడి పేజీ జవాబిస్తుంది. అనిమేలో ఈ పని కట్, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారడం చేస్తుంది, కానీ కట్ ఎప్పుడు పడాలో ఎడిటర్ చేతిలో ఉంటుంది. ఇక్కడ మీ వేలి కింద ఉంది. కథ తెలిసినవాళ్లకు కూడా ఆత్రం పుట్టేది ఇక్కడే. పాత ఇంగ్లీషు ముద్రణలు కొన్ని పేజీలను అద్దంలో చూసినట్టు తిప్పేసి వేసేవి. అందులో కుడిచేతి వాటం వాళ్లు ఎడమచేతి వాళ్లయిపోతారు. అలాంటివి దొరికినా తీసుకోకండి.

అనువాదంలో ఇంకో లోపం తప్పదు, ముందే తెలిస్తే చిరాకు ఉండదు. జపనీస్ అక్షరాలు పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి బుడగలు సన్నగా, నిలువుగా గీస్తారు. అందులో ఇంగ్లీషు అడ్డంగా పట్టాలంటే అక్షరాలు చిన్నవవుతాయి, మాటలు మధ్యలో విరుగుతాయి. ఆ విరుపును పాత్ర తడబాటుగా పొరబడే ప్రమాదం ఉంది.

పోల్చి చూడాలనుకుంటే మొత్తం ఎపిసోడ్ వద్దు. రెండు మూడు నిమిషాల ఘట్టం చాలు. ముందు పుస్తకంలో చదవండి, తర్వాత తెర మీద చూడండి. కట్‌లు (అంటే షాట్లు) ఎన్నో, ప్యానెళ్లు ఎన్నో రాసుకోండి. మాటల సీన్‌లో ఆరేడు కట్‌లు ఒకే ప్యానెల్‌లోకి ఒదిగి ఉంటాయి, పోరాటంలో ఒకే కట్ నాలుగు ప్యానెళ్లుగా విడిపోయి ఉంటుంది. అసలు ఏదీ మారకుండా కట్‌కొక ప్యానెల్ ఉంటే, ఆ చిత్రకారుడు కాగితం మీద ఆలోచించలేదన్నమాట.

సందేహజీవి:

ఈ దిశ సంగతి తెలిశాక రెండో సంపుటి పోరాటాలు చాలా తేటగా ఉన్నాయి. ఇప్పుడు ఆపాలని లేదు. రెండు ప్రశ్నలు. వెనకటి కథ సంపుటాలను ముందే చదివేస్తే కాలక్రమంలో బాగుంటుందా? ఆరిజిన్ తర్వాత ఏది చదవాలి?

కుంచెగీత:

ముందు చదవొద్దు. వెర్టికల్ ముద్రణలో అవి 5, 6, 7 సంపుటాలు. నాలుగు సంపుటాల పాటు షార్‌ని శత్రువుగా, ముసుగు వెనక మనిషిగా చూసి ఉండాలి. అప్పుడే ఐదో సంపుటిలో ఆ చిన్నపిల్లవాడిని చూడటం బాధిస్తుంది. ముందే చదివితే మొదటి సంపుటి నుంచే అతని పక్షం వహిస్తారు, అమురో కథ పలచబడుతుంది. 2015 నుంచి 2018 వరకు వచ్చిన ఆరు భాగాల అనిమే ఆ వెనకటి కథనే తీసింది. దాన్ని 7వ సంపుటి తర్వాత చూడండి. అనిమే నుంచి మాంగా, మాంగా నుంచి మళ్లీ అనిమే. పేజీ కోసం కట్టిన ఘట్టం తెరకు తిరిగి వెళ్లినప్పుడు ఏమవుతుందో అందులో చూడొచ్చు.

బొమ్మలపెట్టె:

తర్వాత ఎవాంజెలియన్. పాత్రలకు రూపమిచ్చిన సదమోతో యోషియుకినే గీశారు, 14 సంపుటాలు. దీని క్రమం వింతగా ఉంటుంది. అనిమే కోసమే తలపెట్టిన మాంగా, కానీ 1994 డిసెంబర్‌లో పత్రికలో మొదలైంది. 26 ఎపిసోడ్ల టీవీ సీరీస్ వచ్చింది 1995 అక్టోబర్‌లో. మాంగా ముగిసింది 2013లో. ఇందులో కథానాయకుడు షింజి టీవీలోకన్నా ముక్కుసూటి, కొంచెం మొండి. అతని సహవిద్యార్థి తోజి విషయంలో కథ పూర్తిగా వేరే దారి పడుతుంది, అదేమిటో చెప్పను. టీవీ సీరీస్ పూర్తిగా చూశాకే తెరవండి, మార్పులు పట్టుకుంటేనే అందులో పస.

ఇరుకులో పడ్డ మాంగా కూడా తెలివిగా ఎలా బయటపడుతుందో చూడాలంటే మాజికో గీసిన కోడ్ గియాస్ 8 సంపుటాలు ఉన్నాయి. అందులో నైట్‌మేర్ యంత్రాలే లేవు. యంత్రాల పోరాటాలకు పేజీలు చాలవని తెలిసి వాటినే తీసేసి, కథానాయకుడు లెలూష్ ఎత్తుగడల మీద నిలబెట్టారు. అందరికీ నచ్చదు, యంత్రాల కోసమే సీరీస్ చూసినవాళ్లకు అసలే నచ్చదు. ఆరిజిన్ 12 సంపుటాలూ అయ్యాకే దాని జోలికి వెళ్లండి.